మంచాలకొండ మీద తొలినిద్ర

నీలమణులు కరిగించి పోతపోసినట్టున్న శిఖరాలు, వాటి నడుమ పాలనురుగు చిమ్ముతూ దూకే జలపాతం, ఆ తుంపరలో ఈదులాడే ఇంద్రధనుస్సులు, పగడపు తీగలు అల్లుకున్న నల్లరాతి మెట్లు, మెట్ల చివర మబ్బులను తలగడ చేసుకుని ఒరిగిన వెయ్యి స్తంభాల కోట. అదే మంచాలకొండ. మహామాంత్రికుడు ఉజ్జాగరుడి నివాసం. ఇంతటి శోభ కంటపడితే సాహసవీరుడైనవాడు ఒక్క క్షణం నిలబడి, మీసం మెలివేసి, కత్తిపిడి మీద చెయ్యి వేస్తాడు.

నేనూ నిలబడ్డాను. పిక్కలు పట్టేసి నిలబడ్డాను. నాకు మీసం సరిగా రాలేదు, కత్తి అసలే లేదు. భుజాన దూది ఏకే విల్లు, నెత్తిన పరుపుచుట్ట, వెనకాల గాడిద మీద మా నాయనమ్మ ఓబులాంబ. దారిలో ఆ విల్లు చూసి నన్నెవరో గొప్ప విలుకాడనుకుని దొంగలు పారిపోయారు. ఈ యాత్రలో అప్పటిదాకా నేను సాధించిన విజయం అదొక్కటే.

“ఏరా దత్తూ, ఆగావేం?” అంది నాయనమ్మ.

“కొండ అందం చూస్తున్నాను నాయనమ్మా.”

“అందం తర్వాత చూద్దువుగాని. నీ గడ్డం కారిపోతోంది, ముందు అది చూసుకో.”

నేను మారువేషంలో ఉన్నానని చెప్పడం మరిచాను. దూరదేశపు వర్తకుడిలా కనబడాలని దూదితో తెల్లగడ్డం చేసుకుని అతికించుకున్నాను. జలపాతం పక్కనుంచి పోవాలని తెలిసీ గడ్డం దూదితో చేసుకున్నవాడి తెలివిని ఏమని పొగడాలో మీరే చెప్పండి. అది తడిసి ముద్దయి, చెవినుంచి ఊడి, ఛాతీ మీద వేలాడుతోంది.

ఇంతకీ మేమెవరమో, ఈ కొండకెందుకు వచ్చామో చెప్పాలి. సౌగంధికాపురం రాజవీధి మలుపులో ‘హంసతూలికా శయ్యామందిరం’ అని బంగారు అక్షరాలతో ఒక పెద్ద మేడ ఉంటుంది. అది మాది. చుట్టుపక్కల రాజ్యాల ప్రభువులంతా మా పరుపుల మీద పొర్లేవాళ్ళే. మాకు పని తక్కువైనా పేర్లు ఎక్కువ. తాతగారు తల్పకేసరి. నాన్న శయ్యాభయంకరుడు. నేను శాల్మలీదత్తుడిని. శాల్మలి అంటే బూరుగు చెట్టు. చెట్టుకున్నంత చురుకు కూడా నాకు లేదని నాన్న అభిప్రాయం.

మా ముత్తాత గురించి శిలాశాసనంలో ఉన్నదొకటి, జరిగిందొకటి. ఆయన ఘోరతపస్సు చేసి నిద్రాదేవిని మెప్పించాడని శాసనం. జరిగిందేమిటంటే, దూదిబండి తోలుకునే ఆ మహానుభావుడు ఎద్దుల్ని నడిబాటలో వదిలేసి, మిట్టమధ్యాహ్నం ఎండలో బస్తాల మీద గుర్రుపెట్టి నిద్రపోయాడు. యుద్ధం ముగించుకుని గజకేతన మహారాజు ఆ దారినే వస్తున్నాడు. ఏనుగులు ఘీంకరించాయి, భేరీలు మోగాయి, భటులు బండిని కుదిపారు. ముత్తాత అటునుంచి ఇటు తిరిగి పడుకున్నాడు. రోజుల తరబడి కునుకు లేని మహారాజు కాసేపు ఆ నిద్రను చూస్తూ నిలబడి, ఆవులించి, ముత్తాతను పక్కకు జరిపి తానూ బస్తాల మీద వాలిపోయాడు. లేచాక ‘తల్పరత్న’ బిరుదు ఇచ్చాడు. బద్ధకానికి బిరుదు పొందిన వంశం మాదొక్కటే అనుకుంటాను.

అప్పటినుంచి మా ఇంట్లో ఒక ఆచారం ఉండేది. పరుపు కొన్నవాళ్ళ ఇంటికి చేరాక, వాళ్ళు నడుం వాల్చకముందే, మా ఇంటి మనిషి ఒకడు వాళ్ళ కళ్ళెదుట దాని మీద పడుకుని ఒక నిద్ర తియ్యాలి. లేచి “ఇక మీది” అనాలి. దానికే తొలినిద్ర అని పేరు. నాకు కుట్టు రాదు. దూది ఏకితే తుమ్ములు. కాని పడుకోమంటే, తల దిండుకు ఆనకముందే నిద్ర వచ్చేది. కాబట్టి తొలినిద్రలన్నీ నావే. ఆ పని మీద ఎన్నో అంతఃపురాలకు వెళ్ళాను గాని, ఏ అంతఃపురం ఎలా ఉంటుందో అడిగితే మాత్రం చెప్పలేను.

నాన్న పగ్గాలు పట్టాక పరుపుకు జరీ అంచులొచ్చాయి, మంచానికి దంతపు కోళ్ళొచ్చాయి, దిండుకు పన్నీరు వచ్చింది. తొలినిద్ర పోయింది. “మహారాజులు శయనించే పాన్పు మీద ముందుగా మన వెధవ పడుకుని చొంగ కార్చడమేమిటి? నిద్రపోవడం కూడా ఒక పనేనా?” అన్నాడు. ఆ వెధవను నేనే. ఆ మాట నాకు గుచ్చుకుంది. అయినా నాన్నంటే నాకు ప్రాణం.

ఆ నాన్నే ఇప్పుడు ఈ కొండ మీద మంచమై పడి ఉన్నాడు. ఉజ్జాగరుడు మంత్రశక్తుల కోసం తన నిద్రను హోమంలో ఆహుతిచ్చాడు. శక్తులు వచ్చాయి, నిద్ర పోయింది. తనను నిద్రపుచ్చినవాడికి ‘త్రిలోకతల్పరత్న’ బిరుదు, ఆ పని చెయ్యలేనివాడికి మంచం రూపం అని చాటింపు వేయించాడు. బిరుదు పేరు చెవిన పడితే మా వంశంలో ఎవడూ రెండో సగం వినడు. నాన్న దంతపు కోళ్ళ పట్టెమంచం, పన్నీటి దిళ్ళు బండికెత్తించుకుని, తన గాడిదనెక్కి బయలుదేరాడు. గాడిద ఒక్కటే తిరిగి వచ్చింది.

గడ్డం పిండుకుని మళ్ళీ అతికించుకుంటుండగా ఆకాశం తెల్లబడింది. తలెత్తితే రాజహంసలు, ఒక్కొక్కటీ ఎద్దంత. పద్మరాగాల ముక్కులు, వెండిరేకుల రెక్కలు. అవి కోట కావలి దళం. సుడిగాలి లేపుతూ మా చుట్టూ దిగాయి. గాడిద నా వెనక దాక్కుంది. నేను గాడిద వెనక దాక్కోవాలనుకున్నాను గాని అది నాకన్నా ముందు ఆలోచించింది.

పెద్దహంస నా నెత్తిమీది పరుపుచుట్ట వైపు మెడ సాచి చూసింది. పరుపు మూల మీద మా ఇంటి ముద్ర, దారంతో కుట్టిన చిన్న హంస. ఎంతో ఆలోచించి మారువేషం వేసుకున్నవాణ్ణి, పేరు రాసిన సరుకు నెత్తిన పెట్టుకుని వచ్చాను.

“హంసతూలికవాళ్ళు మీరేనా? తరతరాలుగా మా జాతి ఈకలు పీకి పరుపులు కుట్టేది మీరేనా?” అంది హంస. ఆ ముక్కు నా గొంతుకు బెత్తెడు దూరంలో ఉంది.

నాయనమ్మ గాడిద దిగి, కొప్పులో గుచ్చుకున్న దబ్బనం లాగి, నా నెత్తిమీది చుట్టను కింద పడేసి, కుట్టు ఊడదీసి, లోపలిది గుప్పెడు బయటికి లాగింది.

“చూసుకో నాయనా. ఇందులో ఒక్క ఈక కనిపిస్తే మా ఇద్దరి పీకలూ పొడిచెయ్యి. ఇది బూరుగు దూది. నేను కాపురానికొచ్చిన కాణ్ణుంచీ బూరుగు దూదే. అంతకుముందు అదీ లేదు, ఎండుగడ్డి.”

హంసలు ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి.

“మరి హంసతూలిక అని పేరెందుకు పెట్టుకున్నారు?”

“బూరుగు పరుపంటే రాజులు కొంటారా? గుర్రాల సాలలో పరిపించుకుంటారు. పేరుంటేనే వాళ్ళకి నిద్ర పట్టేది.”

పెద్దహంసకు కోపం తగ్గింది గాని ఇంకేదో వచ్చినట్టు కనబడింది.

“అంటే ఇన్నేళ్ళూ మా ఈక ఒక్కటి కూడా లేకుండానే ఇంత పేరు తెచ్చుకున్నారా?” అంది చిన్నబుచ్చుకుని.

“తప్పే నాయనా,” అంది నాయనమ్మ, దబ్బనంలో దారం ఎక్కిస్తూ. “ఏం చేస్తాం, మీరు మాకు అందలేదు.”

ఆ మాటతో దాని మనసు కుదుటపడింది. హంసలు దారి ఇచ్చాయి. మా వంశ రహస్యం అలా హంసల పాలైంది, మా వంశాంకురం మాత్రం బతికింది. నాయనమ్మ ఊడదీసిన కుట్టును నడుస్తూనే కుట్టేసింది.

కోట లోపల చంద్రకాంత శిలల నేల, వైడూర్యాల కప్పు, స్తంభం స్తంభానికీ పరిమళ ధూపాలు. ఆ వైభవం నడుమ ఎటు చూసినా మంచాలు. నగిషీ చెక్కిన గంధపు మంచాలు, ఇత్తడి పువ్వుల మంచాలు, ఉయ్యాల మంచాలు, సింహపాదాల దంతపు మంచాలు. ఒక్కొక్కటి ఒక్కొక్క పరుపులవాడు. మేము నడుస్తుంటే కిర్రుమని నిట్టూర్చాయి.

మంచాల మధ్య పచార్లు చేస్తున్నాడు ఉజ్జాగరుడు. కళ్ళు పండుమిరపకాయలు, కింద నల్లని సంచులు. నిద్రలేని మనిషికి ఉండే చిరాకంతా ఉంది, దానికి తోడు మంత్రదండం ఉంది.

“ఎవడ్రా నువ్వు? ఆ పిండిన గుడ్డ ఏమిటి మొహానికి?”

“గడ్డం దొరా.”

“తియ్యి.”

తీసేశాను. దూరదేశపు వర్తకుణ్ణని, పరుపు తెచ్చానని చెప్పాను. అతను మంత్రదండంతో మంచాలన్నీ చూపించాడు.

“వీళ్ళూ తెచ్చారు. ఏదో ఒక మంచం మీద నీ పరుపు పరువు. నాకు నిద్ర పట్టకపోతే నువ్వూ వీళ్ళలో ఒకడివి. ఈ మంత్రంలో ఒక లోపం ఉంది. నేను ఏ మంచం మీద నిద్రపోతే ఆ మంచం తిరిగి మనిషవుతుంది. నాకు నిద్ర రాదు కాబట్టి ఆ దిగులు లేదు.”

మాంత్రికులందరికీ ఉన్న రోగమే ఇది. తమ గుట్టు ఎవరూ అడక్కుండానే వచ్చినవాడికల్లా చెప్పుకుంటారు. నాకు వెయ్యేనుగుల బలం వచ్చింది. నాన్న ఎక్కడున్నాడా అని చుట్టూ చూశాను. వెతకనక్కర్లేకపోయింది. సభ నడుమ, ఎత్తైన అరుగు మీద, సింహపాదాలతో, నెమలి చెక్కిన తలాపితో ధగధగలాడుతున్న దంతపు మంచం. శయ్యాభయంకరుడు మంచమైతే ఇలాగే ఉంటాడు.

నాయనమ్మ నా మోచెయ్యి గిల్లింది. “అది కాదురా. మూలనున్న ఆ నులకమంచం.”

చూశాను. వదులైన నులక, ఒక కోడు పొట్టి, నడుమ గుంట.

“నాన్న ఈ నులకమంచమా? ఏం మాటలు నాయనమ్మా,” అన్నాను గుసగుసగా.

“కన్నదాన్ని నేను. నాకు తెలీదా?”

“ఆయన హోదా ఏమిటి, అదేమిటి?”

“ఏమిటా గుసగుసలు?” అని అరిచాడు ఉజ్జాగరుడు. ఇక వాదనకు వ్యవధి లేదు. నేను చకచకా వెళ్ళి దంతపు మంచం మీద పరుపు పరిచేశాను. నాయనమ్మ నుదురు కొట్టుకుంది.

ఉజ్జాగరుడు కిరీటం తీసి పక్కన పెట్టి, మంచమెక్కబోయాడు. నాయనమ్మ అడ్డంగా నిలబడింది.

“ఆగు నాయనా. ఇంకా తొలినిద్ర కాలేదు. ముందు మావాడు పడుకోవాలి.”

“నా మంచం మీద వాడు పడుకోవడమేమిటి ముసలీ?”

“అది మా ఆచారం. ఇంతమంది తెచ్చారన్నావు, ఎవడైనా నీ ఎదుట పడుకుని చూపించాడా? నిద్రపోయే మనిషిని నువ్వు చూసి ఎన్నాళ్ళయింది?”

అతను ఆలోచించాడు. చుట్టూ కావలి హంసలు తప్ప మనిషన్నవాడు లేని కోట అది. వచ్చినవాడల్లా భయంతో గుడ్లు తెరుచుకునే ఉండేవాడు.

“సరే. పడుకో,” అన్నాడు.

ఇటువంటి సమయంలో వీరుడైతే ఇష్టదైవాన్ని తలుచుకుంటాడు. నేనూ తలుచుకుందామని కళ్ళు మూశాను. ఆ తర్వాత ఏం జరిగిందో నాకు తెలియదు, నిద్రపోయాను.

మెలకువ వచ్చేసరికి చెయ్యి తిమ్మిరెక్కి ఉంది. ఆ చేతి మీద ఉజ్జాగరుడి తల. నోరు తెరుచుకుని, పసివాడిలా నిద్రపోతున్నాడు. నాయనమ్మ తలాపి దగ్గర నిలబడి పెదవుల మీద వేలు పెట్టింది.

“నువ్వు గుర్రు మొదలెట్టాక ఆవులించాడు. ఇంకోసారి ఆవులించాడు. నిన్ను జరిపి పడుకున్నాడు. మీ నాన్న తీసేసిన ఆచారంలో ఉన్నదిదే,” అంది.

ఆనందంతో నా కళ్ళ నీళ్ళు తిరిగాయి. అంతలో పరుపు కింద దంతం మెత్తబడింది. సింహపాదాలు చాచుకున్నాయి. “దత్తుడా, నీ మోకాలు నా పొట్టలో ఉంది,” అన్నది ఒక గొంతు.

అది నాన్న గొంతు కాదు. పొరుగున హేమకూటంలో మా వ్యాపారానికి పోటీగా దుకాణం పెట్టి, మా పేరు చెడగొట్టాలని పుట్టిన మకరాంకుడి గొంతు. ఇంత సాహసం చేసి, ప్రాణాలకు తెగించి, మా పోటీదారుణ్ణి విడిపించాను.

“చెప్తే విన్నావా?” అంది నాయనమ్మ.

చేసేదిలేక నేను, నాయనమ్మ, మకరాంకుడు కలిసి పరుపును మూలలు పట్టి, నిద్రపోతున్న మాంత్రికుడితో సహా మెల్లగా లేపాం. నులకమంచం ఆ చివరన ఉంది. మామూలు మనిషి బరువు కాదు, మాంత్రికుడి బరువు. అడుగడుగునా చేతులు జారుతుంటే దారిలో ఉన్న మంచం మీద దించక తప్పలేదు. దించిన ప్రతి మంచమూ కాసేపటికి కాళ్ళు చాపి మనిషై, మాతో కలిసి పరుపు పట్టింది. గంధపు మంచం ముసలివాడు లేచాడు, ఇద్దరూ కలిసి ఒకే ఉయ్యాల మంచమైన కవలలు లేచారు, ఇత్తడి పువ్వుల మంచం బట్టతలవాడు లేచాడు. ప్రాణాలు దక్కాయి, నోరు మూసుకుని నడవండి అంటే వింటారా? పరుపులవాళ్ళు కదా.

“కుట్టు ఎడంగా ఉందే,” అన్నాడు గంధపు ముసలివాడు గుసగుసగా.

“దూది సరిగా ఏకలేదు,” అన్నాడు మకరాంకుడు.

“నువ్వు ఏకావులే. నీ పరుపు మీద పడుకుని మా వేలువిడిచిన మేనమామకు నడుం పట్టేసింది,” అంది నాయనమ్మ.

ఎలాగైతేనేం, మూలకు చేరాం. నులకమంచం మీద పరుపు దించాం. ఉజ్జాగరుడు పక్కకు ఒత్తిగిలి గురక అందుకున్నాడు. నేను నులక మీద చెయ్యి వేసి చూశాను. వెచ్చగా ఉంది. పొట్టికోడు చివర నెమ్మదిగా చీలి, వేళ్ళొచ్చాయి. రెండో వేలు మీదికి ఎక్కిన వంకర బొటనవేలు. నాన్న పాదమే. ఆ పాదం చూశాక నాకు ఏడుపు ఆగలేదు. దంతపు మంచాన్ని చూసి నాన్న అనుకున్న నా కళ్ళను చెప్పుతో కొట్టుకోవాలనిపించింది.

ఇంకొక్క క్షణం ఓపిక పడితే కథ సుఖాంతం. కాని ఆ క్షణంలోనే పరుపు మీద, మాంత్రికుడి నడుం పక్కన, దూది గడ్డకట్టి బొడిపెలా లేచి ఉండటం నా కంట పడింది. పరుపుల ఇంట్లో పుట్టినవాడి చెయ్యి గడ్డను చూస్తే ఆగదు. ఎన్నడూ ఒక్క పని నేర్వని నాకు కూడా ఆ ఒక్క అలవాటు రక్తంలో ఉంది. భుజాన ఉన్న ఏకువిల్లు తీసి, బొడిపె మీద ఒక్కటిచ్చాను.

దెబ్బకు గడ్డ అణిగింది. ఉజ్జాగరుడు కళ్ళు తెరిచాడు.

అప్పుడు చూడాలి ఆ పరుపులవాళ్ళ ప్రతిభ. కవలలతో సహా అందరూ చప్పుడు కాకుండా చేతులూ మోకాళ్ళూ నేలకానించి, వీపులు చదును చేసి, మంచాలైపోయారు. మకరాంకుడు తల పైకెత్తి తలాపి పెట్టాడు. నిలబడింది మేమిద్దరమే. నాన్న పాదం దగ్గర మార్పు ఆగిపోయింది. మూడు కోళ్ళు, ఒక కాలు.

ఉజ్జాగరుడు కోపగించలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. తానిప్పుడు ఏ మంచం మీద ఉన్నాడో కూడా చూసుకోకుండా అరచేత్తో చెంప తడుముకున్నాడు.

“కల వచ్చింది,” అన్నాడు. “మా అమ్మ జొన్నరొట్టె చేస్తోంది. నాకింకా పెట్టలేదు. ఇంతలో లేచాను.” నా వైపు తిరిగాడు. “మళ్ళీ నిద్రపుచ్చు. ఆ రొట్టె తిన్నాక నువ్వేది అడిగినా ఇస్తాను. నిద్రపుచ్చలేకపోతే నువ్వూ, ఈ ముసలమ్మా ఇక్కడే కోళ్ళేసుకుని పడి ఉంటారు. పడుకో, ముందు నువ్వే కదా పడుకోవాలి.”

పరుపెక్కి పడుకున్నాను. కింద నాన్న. పక్కన మాంత్రికుడు. చుట్టూ వీపులు వణుకుతున్న పరుపులవాళ్ళు. నాయనమ్మ నా తల నిమిరింది. కళ్ళు గట్టిగా మూశాను. నడిబజారులో, ఏనుగుల సాలలో, పెళ్ళిమేళం పక్కన నిద్రపోయినవాణ్ణి నేను. ఇప్పుడు నాన్న ప్రాణం నా రెప్పల మీద ఉందని తలుచుకున్నకొద్దీ గుండె దడదడలాడింది. బుద్ధెరిగాక మొదటిసారి, నాకు నిద్ర రాలేదు.

దొంగ గురక పెట్టి చూశాను. దొంగతనం నాకే తెలిసిపోయింది.

పక్కన కదలిక. కళ్ళు తెరిస్తే ఉజ్జాగరుడి ఎర్రని కళ్ళు నా మొహం దగ్గరే ఉన్నాయి.

“నీకూ రావడం లేదా?” అన్నాడు, చాలా మెల్లగా.

“రావడం లేదు దొరా.”

మంత్రదండం ఎత్తుతాడని చూశాను. ఎత్తలేదు. వెల్లకిలా తిరిగి కప్పువైపు చూస్తూ ఉండిపోయాడు.

“ఇలా ఇంకొకరు పక్కన పడుకుని నాతోపాటు మేలుకుని ఉండటం నేనెన్నడూ ఎరగను,” అన్నాడు. “పొద్దు పోవడం లేదు. ఏదైనా చెప్పు.”

“ఏం చెప్పను దొరా?”

“ఏదైనా. నీకు బాగా తెలిసినది.”

పరుపు కిందనుంచి నాన్న బొటనవేలు నేలను ఒక్కసారి గీరింది.

“మా నాన్న గురించి చెప్తాను,” అన్నాను. నాన్న వింటున్నాడు. ‘నాన్నంటే నాకు ప్రాణం’ అని, ఎదురుగా ఎన్నడూ అనలేని మాటతో మొదలుపెట్టాను.